అర్ధరాత్రి పట్టాల పని: రైలు పోతే రాని మెలకువ దీనికెందుకు వస్తుంది

బెంగళూరులో కేఆర్ పురం నుంచి హూడి వైపు వెళ్ళే రైలు లైన్ పక్కన ఒక అపార్ట్‌మెంట్, మూడో ఫ్లోర్, పట్టాల వైపు బెడ్‌రూమ్. రాత్రి పదకొండున్నరకి పెద్ద గూడ్స్ పోయింది, ఇంట్లో ఎవరూ కదల్లేదు. పన్నెండుంపావుకి ఏదో ఎక్స్‌ప్రెస్ హారన్ కొట్టుకుంటూ పోయింది, చంటిపిల్ల కూడా పక్కకి తిరగలేదు. ఒంటిగంట దాటాక కింద ఎవరో విజిల్ ఊదారు, దాని వెనకాలే జనరేటర్ స్టార్ట్ అయింది, ఫ్లడ్‌లైట్ వెలుగు కర్టెన్ మీద పడింది, ఇంకో పది నిమిషాలకి మంచం సన్నగా వణకడం మొదలైంది. ఊరి నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన అమ్మ లేచి కూర్చుని "ఏందిరా ఇది, భూకంపం గానీ కాదు గదా" అంది. కాదు, ట్రాక్ మెయింటెనెన్స్. ఇంక తెల్లారి నాలుగు దాకా ఎవరికీ కంటి మీద కునుకు లేదు.

బయ్యప్పనహళ్ళి, కేఆర్ పురం, హూడి, వైట్‌ఫీల్డ్ వరుసలోనూ, అటు బెళ్ళందూరు రోడ్, కార్మెలారం, హీలలిగె వైపూ ఉండే తెలుగువాళ్ళు చాలామందికి ఇలాంటి రాత్రులు తెలుసు. ఆఫీసుకి దగ్గర, లోపలి ఏరియాలతో పోలిస్తే అద్దె కాస్త తక్కువ, ఊరెళ్ళాలంటే కేఆర్ పురంలోనే రైలెక్కొచ్చు, ఇన్ని ప్లస్సులు చూసుకుని ఇల్లు తీసుకుంటారు. ఇల్లు చూడ్డానికి ఎవరైనా ఆదివారం పగలే వెళ్తారు, అప్పుడు పోయేది ఒకటో రెండో రైళ్ళు, బ్రోకర్ "నెల తిరిగేసరికి అలవాటైపోతుంది సార్" అంటాడు, రైళ్ళ విషయంలో అతను చెప్పింది నిజమే కూడా. పట్టాల పని సంగతి మాత్రం అతనికీ తెలీదు, ఓనర్ చెప్పడు.

ఈ గొడవలో రెండు మాటలు ఎక్కువ వినిపిస్తాయి. పగలు చేసుకోక రాత్రి పూట జనాన్ని ఎందుకు చంపుతారు అనేది ఒకటి, పట్టాల పక్కన ఇల్లు తీసుకుంది మీరే కదా అనేది రెండోది. రెండూ సగం సగం మాటలే. ఈ పని రాత్రి చెయ్యడానికి గట్టి కారణాలున్నాయి, చెయ్యకపోతే పోయేది ప్రాణాలు. కానీ ఆ రాత్రి ఏదో రైల్వేకి ముందే తెలుసు, రైలెక్కే ప్యాసింజర్‌కి కూడా ముందే చెప్తారు, పట్టాలకి ముప్పై మీటర్ల దూరంలో పడుకునే మనిషికి మాత్రం ఎవరూ చెప్పరు. అసలు అన్యాయం అక్కడుంది.

ముందు రాత్రి ఎందుకో చూద్దాం. పట్టాల మీద సీరియస్ పని ఏది చెయ్యాలన్నా ఆ లైన్ మీద రైళ్ళు ఆపాలి, దాన్ని బ్లాక్ అంటారు. రైళ్ళు ఆపితే లైన్ బ్లాక్, పైన కరెంటు తీగలు కూడా ఆఫ్ చెయ్యాల్సి వస్తే పవర్ బ్లాక్, ఆ తీగల్లో ఉండేది 25 వేల వోల్టులు. మనం రైలు తర్వాత రైలు మధ్య పావుగంట ఖాళీ చూసి ఇంత టైముంది కదా అనుకుంటాం గానీ ఆ పావుగంటలో మెషిన్ స్టేషన్ నుంచి బయల్దేరి స్పాట్‌కి కూడా రాలేదు. మెషిన్ రావాలి, పనిముట్లు దించాలి, పని చెయ్యాలి, పట్టా కొలతలు చూసుకోవాలి, మళ్ళీ వెనక్కి వెళ్ళి లైన్ అప్పగించాలి, దీనికి రెండు మూడు గంటలు ఒక్క బిగిన కావాలి. బెంగళూరు–జోలార్‌పేట లైన్ మీద పగలు అంత ఖాళీ దొరకడం కష్టం. 1864లో బెంగళూరు కంటోన్మెంట్‌కి మొదటి రైలు వచ్చిన దారి ఇది, ఇప్పుడు చెన్నై వైపు ఎక్స్‌ప్రెస్‌లు, వందే భారత్, దగ్గరి ఊళ్ళకి తిరిగే మెమూ రైళ్ళు, వైట్‌ఫీల్డ్ కంటైనర్ డిపోకి వచ్చిపోయే గూడ్స్‌లు అన్నీ దీని మీదే. పగలు మూడు గంటలు ఆపితే ఆ రోజు సాయంత్రం దాకా లేట్లు వరసగా దొర్లుతూనే ఉంటాయి. ఊరి బయట సెక్షన్లలో పగటి బ్లాకులు బాగానే ఇస్తారు, సిటీ దగ్గరికి వచ్చేసరికి మిగిలేది అర్ధరాత్రి తర్వాతి టైమే.

రెండో కారణం ఎండ. ఇప్పుడు పట్టాలు ముక్కలు ముక్కలుగా ఉండవు, వెల్డ్ చేసి కిలోమీటర్ల పొడవు ఒకే పట్టాగా ఉంటాయి. ఉక్కు వేడికి సాగుతుంది, కిలోమీటరు పట్టాని స్వేచ్ఛగా వదిలేస్తే పది డిగ్రీల వేడికి దాదాపు 11.5 సెంటీమీటర్లు పెరుగుతుంది. కానీ దాన్ని స్లీపర్లు (పట్టాల కింద అడ్డంగా వేసే కాంక్రీట్ దిమ్మెలు), క్లిప్పులు, కంకర కలిసి కదలనివ్వవు, సాగాల్సిందంతా లోపల ఒత్తిడిగా ఉండిపోతుంది. ఇప్పుడు మంచి ఎండలో ఆ కంకరని కదిపామనుకోండి, పట్టుకునే చెయ్యి వదిలేసినట్టే, పట్టా పాములా వంకర తిరిగే ప్రమాదం ఉంటుంది. అందుకే రైల్వే మాన్యువల్‌లోనే ఒక లెక్క ఉంది, పట్టాని ఏ టెంపరేచర్ దగ్గర బిగించారో దానికి పది డిగ్రీలు మించి వేడెక్కితే మామూలు మెయింటెనెన్స్ పనులు చెయ్యకూడదు. మధ్యాహ్నం ఎండలో పట్టా వేడి గాలి వేడి కంటే చాలా ఎక్కువ ఉంటుంది కాబట్టి ఎండాకాలంలో పగటిపూట సగం టైము ఇలాగే పోతుంది.

బ్లాక్ లేకుండా పని చేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఖతౌలీ చాలు. 2017 ఆగస్టు 19న ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ దగ్గర ఖతౌలీలో ఉత్కళ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది, 20 మందికి పైగా చనిపోయారు, పక్కనున్న ఇళ్ళ మీదికి కూడా బోగీ దూసుకెళ్ళింది. అక్కడ అప్పుడు ట్రాక్ మీద పని జరుగుతోంది, సరైన బ్లాక్ లేదు, వచ్చే రైలుకి హెచ్చరిక లేదు, పట్టా ఇంకా పూర్తిగా కలపని చోటికి రైలు స్పీడ్‌గా వచ్చేసింది. అసలు పనే సరిగా చెయ్యకపోతే ఏమవుతుందో ఇంకో లెక్క చెప్తుంది. 2017–18 నుంచి 2020–21 దాకా జరిగిన డిరైల్‌మెంట్ల విచారణ రిపోర్టుల్ని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ పరిశీలిస్తే, ఇంజనీరింగ్ విభాగం వల్ల జరిగినవి 422, వాటిలో 171కి కారణం ట్రాక్ మెయింటెనెన్స్‌లో లోపమే. పట్టాల పక్కన ఇల్లున్నవాళ్ళకి ఇది ఇంకా దగ్గరి విషయం, ఎందుకంటే పట్టా తప్పిన బోగీ ఎటు పడుతుందో ఎవరూ చెప్పలేరు.

సరే, పని తప్పదు. ఆ రాత్రి ఏం జరుగుతోందో చప్పుడు బట్టే చాలావరకు పోల్చుకోవచ్చు, పోల్చుకుంటే ఇంకెన్ని రాత్రులు ఉంటుందో కూడా ఒక అంచనా వస్తుంది.

మంచం వణికిందంటే అది ఎక్కువగా ట్యాంపింగ్ మెషిన్. రైళ్ళ బరువుకి స్లీపర్ల కింద కంకర నలిగి, కుంగి, పట్టా ఒక చోట ఎత్తు ఒక చోట పల్లం అయిపోతుంది. ఈ పసుపు రంగు మెషిన్ పట్టాని సరైన ఎత్తుకి లేపి పట్టుకుని, పెద్ద ఫోర్కుల్లాంటి ఉక్కు చేతులు స్లీపర్‌కి అటూ ఇటూ కంకరలోకి దింపి, సెకనుకి సుమారు 35 సార్లు వణికిస్తూ కంకరని స్లీపర్ కిందకి నొక్కుతుంది, లేపుతుంది, ముందుకి జరుగుతుంది, మళ్ళీ దింపుతుంది. వినేవాళ్ళకి అది గుర్ర్ర్ మని ఒక మూలుగు, చిన్న గ్యాప్, మళ్ళీ గుర్ర్ర్. కిలోమీటరుకి సాధారణంగా 1660 స్లీపర్లు ఉంటాయి, ఒకేసారి రెండు స్లీపర్లు పట్టే మెషిన్ అనుకుంటే కిలోమీటరుకి 830 సార్లు ఆ చేతులు దిగాలి. సెకనుకి 35 సార్లు అంటే చెవికంటే ఒంటికి ఎక్కువ తెలిసే లో ఫ్రీక్వెన్సీ, అది నేలలోంచి పునాదికి, పునాది నుంచి గోడకి, గోడ నుంచి మంచానికి వచ్చేస్తుంది, గ్లాసులో నీళ్ళ మీద సన్నటి అలలు కూడా కనిపిస్తాయి. అమ్మకి భూకంపం అనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఊరటేంటంటే ఈ మెషిన్ ఒక చోట నిలబడదు, గంటకి కిలోమీటరు చొప్పున పోయినా ఇంటికి రెండొందల మీటర్ల అటు నుంచి రెండొందల మీటర్ల ఇటు దాకా దాటడానికి అరగంట లోపే పడుతుంది. ట్యాంపింగ్ ఒక్కటే అయితే మీ ఇంటి దగ్గర మామూలుగా ఒక రాత్రి కథే.

రాళ్ళు జల్లెడ పట్టినట్టు గంటల తరబడి గలగల గలగల అని, తెల్లారి చూస్తే బాల్కనీ రెయిలింగ్ మీద సన్నటి బూడిద లాంటి దుమ్ము, ఇలా ఉంటే అది డీప్ స్క్రీనింగ్. స్లీపర్ల కింద కంకరలో మట్టి, పొడి చేరితే నీళ్ళు దిగవు, అందుకే పదేళ్ళకి ఒకసారైనా కంకర మొత్తం తవ్వి, జల్లెడ పట్టి, మంచి రాయి వెనక్కి వేసి, చెత్త పక్కకి పారెయ్యాలి. దీనికి గొలుసు లాంటి కటర్ పట్టాల కింద నుంచి తవ్వుకుంటూ పోయే మెషిన్ ఉంటుంది, గంటకి వందా రెండొందల మీటర్ల లెక్కలో నడుస్తుంది, అంటే ఒక బ్లాక్‌లో మీ అపార్ట్‌మెంట్ దాటడమే ఎక్కువ. ఆ తర్వాత కొత్తగా వదులైన కంకర మీద రైళ్ళని 20 కిలోమీటర్ల స్పీడ్‌తో మొదలుపెట్టి, ట్యాంపింగ్ ఒక రౌండ్, దాన్ని గట్టిపరిచే స్టెబిలైజర్ మెషిన్ ఒక రౌండ్, మళ్ళీ ఇంకో రౌండ్ వేస్తూ స్పీడ్ పెంచుకుంటూ పోతారు. కాబట్టి జల్లెడ చప్పుడు విన్నారంటే వారం పది రోజుల్లో ఇంకో రెండు మూడు రాత్రులైనా నిద్ర చెడుతుందని లెక్కేసుకోవడం మంచిది. ఆ నిదానంగా పోయే రైళ్ళని చూసినా విషయం అర్థమైపోతుంది.

చెవులు చిల్లులు పడేలా కీచుమని కోత సౌండ్ వస్తే పట్టా కోస్తున్నారు, వెల్డింగ్ ఉంది. ఇది ఒక్కసారి దగ్గర్నుంచి చూడదగ్గ పని. అరిగిన ముక్క కోసేసి కొత్త ముక్క పెడతారు, రెండు పట్టాల మధ్య రెండు వేళ్ళ సందు ఉంటుంది, దాని చుట్టూ ఇసక అచ్చు కట్టి మట్టితో సందులు మెత్తుతారు, బర్నర్ పెట్టి పట్టా కొసల్ని ఎర్రగా కాలుస్తారు, పైన చిన్న కుండలో అల్యూమినియం పొడి, ఐరన్ ఆక్సైడ్ కలిపిన మందు అంటిస్తే 2000 డిగ్రీలు దాటిన వేడితో తెల్లగా మండి, కరిగిన ఉక్కు ఒక్కసారిగా అచ్చులోకి దిగుతుంది. వీధి మొత్తం ఒక క్షణం పగలులా వెలుగుతుంది. తర్వాత పైకొచ్చిన ఉక్కుని ఎర్రగా ఉండగానే కోసేసి, గ్రైండర్‌తో నున్నగా చేసి, స్లీపర్ల క్లిప్పులు సుత్తులతో కొట్టి బిగిస్తారు. ఆ టంగ్ టంగ్ మనే సుత్తి దెబ్బ, ఆ గ్రైండర్ కీచు, ఇవి మెషిన్ మూలుగు కంటే ఎక్కువ హింస, ఎందుకంటే ఎప్పుడు పడతాయో తెలీదు.

ఒక మాట ఇక్కడ చెప్పుకోవాలి. చిన్నప్పుడు రైలంటే గుర్తొచ్చే టకటక టకటక, అది 13 మీటర్ల పట్టా ముక్కల మధ్య సందుల మీద చక్రాలు పడే చప్పుడు. ఆ టకటక పోయి రైలు జారిపోయినట్టు వెళ్తోందంటే అది ఇలాంటి రాత్రులు ఆ సందులన్నీ వెల్డ్ చెయ్యబట్టే. పట్టా పైభాగం నున్నగా గ్రైండ్ చేస్తే చక్రం రాపిడి చప్పుడు కూడా తగ్గుతుంది. ఈ పని పుణ్యమా అని మిగతా రాత్రులు ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది, నిద్ర పోగొట్టుకున్న మనిషికి మర్నాడు పొద్దున ఈ మాట చెప్తే కొట్టొస్తాడు గానీ, నిజం.

ఇక విజిళ్ళ గురించి. మెషిన్ సరే, మధ్యమధ్యలో ఆ విజిళ్ళూ అరుపులూ ఎందుకు అని చాలామంది విసుక్కుంటారు. బ్లాక్ ఇచ్చేది ఒక లైన్‌కే, పక్క లైన్ మీద రైళ్ళు నడుస్తూనే ఉంటాయి. జనరేటర్ హోరులో, మెషిన్ మోతలో పని చేసేవాళ్ళకి వెనక నుంచి వచ్చే రైలు వినపడదు. అందుకే ఒక మనిషి పని చెయ్యకుండా కేవలం రైలు కోసం చూస్తూ నిలబడతాడు, రైలు కనపడగానే విజిల్ ఊదుతాడు, అందరూ పక్కకి వస్తారు, డ్రైవర్ కూడా హారన్ కొడుతూ వస్తాడు. ఆ విజిల్ ఆగిపోతే మనుషులు పోతారు, ట్రాక్ మీద పని చేసేవాళ్ళు రైలు కింద పడి చనిపోవడం మన దేశంలో ఏటా జరుగుతున్నదే. బెంగళూరు రైల్వే డివిజన్ అటు కుప్పం దాకా ఉంది, ఇటు హిందూపురం దాకా ఉంది, కిటికీ తీసి వింటే ఆ అరుపుల్లో కొన్ని తెలుగులోనే వినపడతాయి. రాత్రి ఒంటిగంటకి కంకర మీద నిలబడ్డవాళ్ళకీ మనలాగే ఇంట్లో పిల్లలున్నారు, పొద్దున ఎనిమిదికి వాళ్ళు పడుకుంటే వాళ్ళ వీధిలో ఎవరూ చప్పుడు ఆపరు.

ఇంతకీ ఎంత చప్పుడు? అమెరికా ఫెడరల్ ట్రాన్సిట్ అడ్మినిస్ట్రేషన్ వాళ్ళ మాన్యువల్‌లో 50 అడుగుల దూరంలో ఏ మెషిన్ ఎంత మోత చేస్తుందో ఒక పట్టిక ఉంది, ట్యాంపర్‌కి 83 డెసిబెల్స్, కంకర సర్దే మెషిన్‌కి 82, పట్టా కోసే రంపానికి 90. ఒకే చోట నుంచి వచ్చే చప్పుడు దూరం రెట్టింపైతే ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది, అంటే వంద అడుగుల దూరంలో, అంటే ముప్పై మీటర్లలో, ట్యాంపర్ 77, రంపం 84. మన అపార్ట్‌మెంట్ స్లైడింగ్ కిటికీ మూసుకుంటే ఇరవై, మహా అయితే పాతిక తగ్గుతుంది, ఎందుకంటే ఆ కిటికీ పలకల మధ్య, దోమ మెష్ ట్రాక్ దగ్గర సందులు ఉండనే ఉంటాయి, గాలి దూరే ప్రతి చోటా చప్పుడూ దూరుతుంది. అంటే రంపం చప్పుడు గదిలోకి 60 దాకా వచ్చేస్తుంది. పడకగదిలో ఒక్కో చప్పుడు 45 దాటితే నిద్ర చెడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. పది డెసిబెల్స్ పెరిగితే చెవికి రెండింతలు అయినట్టు అనిపిస్తుంది కాబట్టి ఈ పదిహేను తేడా చిన్నదేం కాదు. పైగా రాత్రి నేల దగ్గర గాలి చల్లగా, పైన వెచ్చగా ఉన్నప్పుడు చప్పుడు పైకి పోకుండా కిందకి వంగి దూరం దాకా వస్తుంది, బెంగళూరు చలికాలం రాత్రుల్లో అందుకే రెండు వీధుల అవతలి వాళ్ళకి కూడా పక్కనే చేస్తున్నట్టు ఉంటుంది. కాంపౌండ్ గోడ కింద ఫ్లోర్‌కి సాయం చేస్తుంది, మెషిన్ కళ్ళకి కనపడే పై ఫ్లోర్లకి దాని వల్ల ఉపయోగం లేదు. కింద ఫ్లోర్‌కి చప్పుడు తక్కువ, అదురు ఎక్కువ. పట్టాల పక్కన ఒక వరస చెట్లు పెడితే తగ్గుతుందనే నమ్మకం ఉంది, కంటికి బాగుంటుంది గానీ చప్పుడుకి అది అడ్డే కాదు.

అయినా డెసిబెల్స్‌తో మొత్తం కథ అర్థం కాదు, గూడ్స్ రైలు కూడా తక్కువ మోత కాదు కదా, దానికి రాని మెలకువ దీనికెందుకు? నిద్రలో కూడా మెదడు చెవి మూసుకోదు, వినపడేది తెలిసినదా కొత్తదా అని చూస్తూనే ఉంటుంది. రైలు చప్పుడు దూరంగా మొదలై, పెరిగి, తగ్గి, ఒక నిమిషంలో అయిపోతుంది, రోజూ అదే వరస, మెదడు దాన్ని పక్కన పెట్టేస్తుంది. యూరప్‌లో కొన్ని దేశాల చట్టాలు కూడా రోడ్డు మోత కంటే రైలు మోత తక్కువ చికాకని దానికి ఐదు డెసిబెల్స్ సడలింపు ఇచ్చేవి, జర్మనీ 2015 నుంచి రైళ్ళకి ఆ సడలింపు తీసేసింది. పట్టాల పని దీనికి పూర్తిగా రివర్స్. మొదలూ చివరా తెలీదు, సుత్తి దెబ్బ పడుతుందో లేదో తెలీదు, మధ్యలో మనిషి అరుపు, వెనక్కి వచ్చే బండి బీప్ బీప్, కర్టెన్ మీద లైటు. మనిషి గొంతుకీ హెచ్చరిక చప్పుడుకీ లేవడం మన ఒంట్లోనే ఉంది. అందుకే ఆ చప్పుడు ఆగిపోయాక కూడా నిద్ర రాదు, మళ్ళీ ఎప్పుడు మొదలవుతుందా అని మనసు కాపు కాస్తూ ఉంటుంది. ఆ కాపు కాయడమే అసలు అలసట. ఈ రోజు ఒంటిగంట నుంచి నాలుగు దాకా పని, ఎల్లుండి లేదు, అని ముందే తెలిస్తే సగం మంది వెనక గదిలో పక్క వేసుకుని, చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుని ఎంతోకొంత పడుకోగలరు.

చట్టం సంగతి కొంచెం చిక్కుగా ఉంటుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్ళున్న ఏరియాలో పగలు 55, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45 డెసిబెల్స్ పరిమితి. 2010లో వాటికి ఇంకో నియమం చేర్చారు, ఇళ్ళ మధ్య రాత్రిపూట మోత చేసే కన్‌స్ట్రక్షన్ మెషిన్లు వాడకూడదు. పరిమితికి పది డెసిబెల్స్ మించితే ఎవరైనా కంప్లైంట్ ఇవ్వొచ్చు. ఇంకోపక్క 1989 రైల్వే చట్టం సెక్షన్ 11, వేరే చట్టాల్లో ఏమున్నా సరే, లైన్ కట్టడానికీ మెయింటెనెన్స్‌కీ కావలసిన పనులు చేసుకునే అధికారం రైల్వేకి ఇస్తుంది. అందుకే 112కి ఫోన్ చేస్తే పోలీసులు వచ్చి చూసి, రైల్వే పని కదండీ అని వెళ్ళిపోవడం తప్ప పెద్దగా జరిగేది ఏమీ ఉండదు. నడిచే లైన్ మీద బ్లాక్ తీసుకుని చేసే పనిని ఆపమని పోరాడ్డం టైము వేస్ట్, ఆపితే ప్రమాదం కూడా. కానీ అన్నీ ఒకే గాటన కట్టకూడదు. కంటోన్మెంట్–వైట్‌ఫీల్డ్ మధ్య అదనపు లైన్ల పని, సబర్బన్ రైలు పని లాంటివి కొత్త నిర్మాణాలు. వాటిలో గర్డర్ ఎక్కించడం, కొత్త లైన్‌ని పాత లైన్‌కి కలపడం లాంటి వాటికి బ్లాక్ తప్పదు, మిగతా మట్టి పని, కాంక్రీట్ పని, లారీల్లోంచి కంకర దింపడం, వీటికి నడిచే రైలుతో సంబంధం లేదు, పగలు చేసుకోవచ్చు. అవి రాత్రి రెండింటికి చేస్తున్నారంటే అది అవసరం కాదు, కాంట్రాక్టర్ సౌకర్యం. అక్కడ గట్టిగా అడగడం న్యాయం.

ఇక ముందుగా చెప్పడం గురించి, ఇది చిన్న విషయం అనిపిస్తుంది గానీ అన్నిటికంటే పెద్దది. బ్లాక్ అనేది అప్పటికప్పుడు బుద్ధి పుట్టి తీసుకునేది కాదు. ఇంజనీరింగ్ వాళ్ళు అడగాలి, రైళ్ళు నడిపించే ఆపరేటింగ్ వాళ్ళు ఒప్పుకోవాలి, రైళ్ళు రద్దు చెయ్యాలన్నా దారి మళ్ళించాలన్నా ముందే ప్రకటించాలి. ఫలానా తేదీల్లో ఫలానా సెక్షన్‌లో లైన్ బ్లాక్ వల్ల ఫలానా మెమూ రద్దు అని పేపర్లో చిన్న వార్త వస్తుంది కదా, ఆ వార్త అర్థం ఆ రాత్రి ఆ సెక్షన్ పక్కన ఎవరూ నిద్రపోరని కూడా. కానీ అది రాసేది ప్యాసింజర్ కోసం. పట్టాల మీద చేసిన ప్రతి వెల్డ్‌కీ ఏ నెల, ఏ ఏడాది, ఏ వెల్డర్, ఎన్నో నంబర్ జాయింట్ అని పట్టా పక్కన గుర్తు పెట్టే సంస్థకి, ఆ తేదీ ముందుగా అపార్ట్‌మెంట్ గేటు మీద ఒక కాగితంగా అతికించడం చేతకాని పనేం కాదు. బ్రిటన్‌లో రైల్వే లైన్లు చూసే సంస్థ మోత ఉండే రాత్రి పనులకి ముందు పక్క ఇళ్ళకి ఉత్తరాలు వేస్తుంది. జపాన్‌లో అర్ధరాత్రి పన్నెండు నుంచి ఆరు దాకా బుల్లెట్ రైళ్ళే నడవవు, ఆ టైము మెయింటెనెన్స్‌ది అని దేశమంతా తెలుసు. మనకి రైళ్ళు ఆపడం కుదరదు సరే, చెప్పడం ఎందుకు కుదరదు?

అప్పటిదాకా ఇంట్లో చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. పడక పట్టాల వైపు గదిలోంచి వెనక గదికి మార్చడం అన్నిటికంటే చవకైన పని, మధ్యలో ఒక గోడ, ఒక తలుపు వస్తే చాలా తేడా తెలుస్తుంది. సొంత ఇల్లైతే పాత కిటికీ ఉంచి లోపలివైపు ఇంకో కిటికీ పెట్టించుకోవచ్చు, రెండిటి మధ్య ఎంత ఎక్కువ ఖాళీ ఉంటే అంత మంచిది. అద్దె ఇంట్లో అయితే సందులకి రబ్బర్ స్ట్రిప్పులు, తలుపు కింద ఒక గుడ్డ. సీలింగ్ ఫ్యాన్ స్పీడ్ పెంచితే ఆ హోరులో చిన్న చిన్న చప్పుళ్ళు కలిసిపోతాయి. స్పాంజ్ ఇయర్‌ప్లగ్స్ సరిగ్గా లోపలికి తిప్పి పెట్టుకుంటే బాగా పనిచేస్తాయి, అయితే అదురుకి అవి ఏమీ చెయ్యవు, చంటిపిల్లలకి అసలు పెట్టకూడదు. ఇల్లు కొనేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి, రైల్వే హద్దుకి 30 మీటర్ల లోపు కట్టాలంటే రైల్వే నుంచి అభ్యంతరం లేదనే కాగితం, అంటే ఎన్‌ఓసీ, కావాలి, బిల్డర్‌ని ఆ కాగితం అడగండి, అలాగే ఆదివారం కాని ఒక రోజు రాత్రి రెండింటికి వచ్చి ఆ కిటికీ దగ్గర పది నిమిషాలు నిలబడండి.

అసోసియేషన్ తరఫున ఉత్తరం రాస్తే ఆ సెక్షన్ పట్టాలు చూసే సీనియర్ సెక్షన్ ఇంజనీర్ ఆఫీసుకి ఒకటి, డివిజనల్ ఆఫీసుకి ఒకటి పంపాలి. రైల్వే హెల్ప్‌లైన్ 139 ప్రధానంగా ప్రయాణికుల కోసం, అక్కడ దీనికి దారి దొరకడం కష్టం. ఉత్తరంలో మా నిద్ర పాడైంది అని రెండు పేజీలు రాసేకంటే నాలుగు కోరికలు రాస్తే మంచిది: బ్లాక్ తేదీలు మూడు రోజుల ముందు వాచ్‌మన్‌కైనా చెప్పండి, జనరేటర్ మా గోడ పక్కన కాకుండా అటువైపు పెట్టండి, ఫ్లడ్‌లైట్ తల కొంచెం కిందకి వంచండి, పట్టా కోతలూ గ్రైండింగూ బ్లాక్ మొదట్లోనే కానిచ్చే వీలుంటే చూడండి. వీటిలో ఒక్కటి కూడా పని ఆపేది కాదు, రైళ్ళని లేట్ చేసేది కాదు. విజిల్ ఆపమని మాత్రం రాయకండి.